వలయపు పలకలకు సామగ్రి: ఎచ్చట కొనవలెను, ఎట్లు వాడవలెను?

నేడు గ్రామములో ఎలక్ట్రానిక్ పరికరము లేని ఇల్లు అరుదు. చేతిలోని ఫోను, గోడమీది గడియారము, వీధిలోని ఎల్.ఇ.డి. దీపము, చెరువులో గాలిని కలుపు యంత్రపు స్విచ్చు, పొలములోని మోటారు స్టార్టరు, ఇవన్నియు ఒక చిన్న పలకపై ఆధారపడి పనిచేయుచున్నవి. ఆ పలక చెడినచో సాధారణముగా పరికరమంతయు పారవేయబడుచున్నది. దానిని బాగుచేయగలవాడు, క్రొత్తదానిని తయారుచేయగలవాడు ఊరిలో ఉండిన ఎంత ధనము మిగులునో పంచాయతీ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి పలకలను ఇంటిలోనే తయారుచేయు విద్య కష్టమైనది కాదు. ఉన్నత పాఠశాల విద్యార్థులు, ఐ.టి.ఐ.లోను పాలిటెక్నిక్కులోను చదువుకొను యువకులు దీనిని సులభముగా నేర్చుకొనగలరు. చిక్కు రెండు చోట్ల వచ్చుచున్నది. సామగ్రి ఎచ్చట దొరకునో తెలియకపోవుట మొదటిది. వాడిన రసాయనమును ఏమి చేయవలెనో తెలియకపోవుట రెండవది. మొదటి చిక్కు వలన పని మొదలే కాదు. రెండవ చిక్కు వలన ఊరి నీటికి కీడు కలుగును. ఈ రెండింటినిగూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు ఈ పాఠమున వివరింపబడుచున్నవి. గౌతమీ తీరమున, ఆలమూరు మండలమునందున్న జొన్నాడ గ్రామమును ఉదాహరణముగా గైకొందము. డెల్టాలోని ఏ గ్రామమునకైనను ఇది వర్తించును.

పలక అనగా నేమి?

పూర్వము రేడియోలలో ఒక భాగమునుండి మరియొక భాగమునకు తీగలు లాగి అతికెడివారు. తీగలు పెరిగినకొలది తప్పులు పెరిగెడివి. ఆస్ట్రియా దేశమున జన్మించిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు 1936లో లండను నగరమున, తీగలకు బదులు పలకపై అంటించిన రాగిరేకు దారులతో ఒక రేడియోను నిర్మించెను. 1943లో ఆయన పేటెంటు కొరకు దరఖాస్తు చేసెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను. దీనినే ముద్రిత విద్యుత్ వలయ ఫలకమందురు. దుకాణములో పి.సి.బి. అనినచో అందరికిని తెలియును. ఈ పాఠములో దీనిని వలయపు పలక అని వ్యవహరింతము.

మన తెలుగునాట ఈ విద్యకు పెద్ద ఆలవాలము హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ. ఇ.సి.ఐ.ఎల్. అను పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ ప్రభుత్వ సంస్థ 1967లో స్థాపింపబడెను. దీనికి మూలపురుషుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. శాసనసభకు, లోక్‌సభకు జరుగు ఎన్నికలలో మనము మీట నొక్కు ఓటింగు యంత్రములను తయారుచేయు రెండు సంస్థలలో ఇది యొకటి. రెండవది బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. గోదావరి గట్టున పుట్టినవారికి ఈ విద్య అందరానిది కాదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

పని ఎట్లు జరుగును?

సామగ్రి పేర్లు అర్థమగుటకు ముందుగా పని వరుస తెలియవలెను. దుకాణమున దొరకు ముడిపలకపై ఒక ప్రక్క అంతటను పలుచని రాగిరేకు అంటియుండును. మనకు కావలసిన దారులపై మాత్రము ఏదైనను రక్షక పూత పూయుదుము. తరువాత పలకను ఫెర్రిక్ క్లోరైడు ద్రావకములో ముంచుదుము. పూత లేనిచోట రాగి కరగిపోవును. పూత ఉన్నచోట నిలుచును. పిమ్మట పూతను తుడిచివేసి, రంధ్రములు తొలిచి, పరికర భాగములను అమర్చి టంకము పెట్టుదుము.

మన ఇండ్లలో ముగ్గు వేయునప్పుడు ముగ్గుపిండి పడినచోట మాత్రమే గీత కనపడును. ఇచట దానికి మారుగా, అక్కరలేని చోటనున్న రాగిని తొలగించి, కావలసిన గీతను మిగుల్చుకొందుము. పని అంతయు ఈ ఒక్క సూత్రముపై నడచుచున్నది.

ఏ వస్తువు ఎచ్చట దొరకును?

మొదటిది రాగి అంటిన ముడిపలక. దీనిని కాపర్ క్లాడ్ బోర్డు అని అడుగవలెను. ఇందు రెండు రకములు ముఖ్యమైనవి. గోధుమవర్ణము గలది కాగితము, ఫినోలిక్ జిగురు కలిపి చేసినది. ఇది చవుక, కోయుట సులభము; కాని వేడికిని తేమకును త్వరగా లొంగును. లేతాకుపచ్చ లేక పసుపు వర్ణము గలది గాజునూలు, ఎపాక్సీ జిగురుతో చేసినది. దీనికి ధర హెచ్చు, మన్నిక కూడ హెచ్చు. సముద్రపు గాలి తగులు కోనసీమలో ఆరుబయట ఉంచు పరికరములకు ఈ రెండవదే తగును. నేర్చుకొను పిల్లలకు మొదటిది చాలును. గాజునూలు పలకను కోయునపుడు వచ్చు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, పలకను తడిపి కోయవలెను. సాధారణముగా పలక మందము 1.6 మిల్లీమీటర్లు, రాగిరేకు మందము 35 మైక్రాన్లు ఉండును. మనము వ్రాయు కాగితపు మందములో ఇది సుమారు మూడవవంతు.

రెండవది బొమ్మ దించు సామగ్రి. దీనికి ప్రత్యేకముగా కొనవలసినది స్వల్పము. చెరగని సిరా గల మార్కరు కలముతో సామాన్యమైన బొమ్మను చేతితోనే గీయవచ్చును. సన్నని గీతలు కావలెనన్న, బొమ్మను అద్దములో కనపడునట్లు తిరుగవేసి నున్నని మెరుపు కాగితముపై లేజరు యంత్రముతో అచ్చు వేయించవలెను. ఆ యంత్రమున వాడు నల్లపొడి నిజమునకు ఒక విధమైన ప్లాస్టిక్కు. కాగితమును రాగిపై బోర్లించి, బట్టల ఇస్త్రీపెట్టెతో నాలుగైదు నిమిషములు అదిమినచో ఆ పొడి కరగి రాగికి అంటుకొనును. తరువాత నీటిలో నానబెట్టి కాగితమును మెల్లగా ఊడదీయవలెను. జొన్నాడనుండి వంతెన దాటిన రావులపాలెములోని జిరాక్సు దుకాణములలో ఈ అచ్చు సులభముగా దొరకును. సిరా చుక్కలతో అచ్చువేయు ఇంక్‌జెట్ యంత్రము ఈ పనికి పనికిరాదు. సిరా రాగిపై నిలువదు.

బొమ్మ దించుటకు ముందు రాగి నిగనిగలాడుచుండవలెను. చేతి జిడ్డు, చిలుము ఉన్నచో పొడి అంటదు. ఇందుకు మన వంటింటి చింతపండు, ఉప్పు చాలును. ఇత్తడి బిందెలు తోముటకు దానిని వాడుట అందరెరిగినదే. చింతపండులోని పులుపు చిలుమును కరగించును. తోమిన పిదప మంచినీటితో కడిగి, ఆరబెట్టి, మరల వ్రేలితో తాకకుండ పని మొదలుపెట్టవలెను.

మూడవది ఫెర్రిక్ క్లోరైడు. ఇది రెండు రూపములలో దొరకును: పసుపువర్ణపు తడిగడ్డలుగాను, నల్లని పొడిగాను. గడ్డలు వాడుట సులభము. నల్లపొడి నీటిలో పడినపుడు మిక్కిలి వేడి పుట్టి ఘాటైన పొగ వచ్చును. అందుచేత ఎన్నడైనను నీటిలో పొడిని కొంచెము కొంచెముగా వేయవలెనే గాని పొడిపై నీరు పోయరాదు. అరకిలో గడ్డలతో సుమారు ఒక లీటరు ద్రావకము సిద్ధమగును. మురుగునీటిని శుభ్రపరచు కేంద్రములలోను ఇదే రసాయనమును వాడుదురు. కనుక ఎలక్ట్రానిక్ దుకాణములో లేకపోయినను, కళాశాల ప్రయోగశాలలకు రసాయనములు అమ్ము వర్తకులవద్ద విచారింపవచ్చును. సీసాపై పేరు, తూకము, హెచ్చరిక అచ్చువేసి లేనిదానిని కొనరాదు.

కొందరు దీనికి బదులుగా హైడ్రోక్లోరికామ్లము, హైడ్రోజన్ పెరాక్సైడు కలిపి వాడుచున్నారు. పిల్లలు పనిచేయుచోట ఇది ఎంతమాత్రము తగదు. పైగా ఆమ్లముల అమ్మకమును గూర్చి సుప్రీంకోర్టు 2013లో కట్టుదిట్టమైన ఆదేశము లిచ్చెను. వర్తకుడు కొనువాని వివరములు పుస్తకమున వ్రాసికొనవలెను. కొనువాడు గుర్తింపు పత్రము చూపవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదు.

నాలుగవది తొలుచు సామాను. పలకకు 0.8 నుండి 1 మిల్లీమీటరు వరకు గల సన్నని రంధ్రములు కావలెను. ఇనుపసామాను దుకాణములో ఇంత సన్నని బరమా ములుకులు దొరకకపోవచ్చును. ఎలక్ట్రానిక్ దుకాణములో చేతితో త్రిప్పు చిన్న బరమాలు, వాటికి తగిన ములుకులు అమ్ముదురు. ఊరిలో కంసాలి పని చేయువారుండిన వారి ఆకురాయి, సన్నని రంపము, శ్రావణము ఈ పనికి చక్కగా ఉపయోగపడును. వారి చేతిలోని నైపుణ్యము కూడ ఉపయోగపడును. నగల పని తగ్గి ఉపాధి వెదకుకొను కంసాలి కుటుంబపు యువకులకు ఈ విద్య సహజముగా అబ్బును.

ఐదవది టంకపు సామగ్రి. 25 వాట్ల సోల్డరింగు ఐరన్, తగరము సీసము కలిసిన సన్నని తీగ, రోజిన్ అను జిగురు చాలును. తగరము 60, సీసము 40 పాళ్లుగల తీగ సుమారు 190 డిగ్రీల సెల్సియసు లోపుననే కరగును గనుక నేర్చుకొనువారికి అనువైనది. సీసము పిల్లల మెదడుకు హాని చేయును. టంకము పెట్టిన చేతులతో తినరాదు. పని ముగియగానే సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలకు సీసములేని తీగ కొనుట ఉత్తమము. అది మరికొంత హెచ్చు వేడి కోరును. ఇత్తడి పాత్రలకు కళాయి పూయుటకు వాడు నవసాగరమును మాత్రము ఇందు వాడరాదు. అది పలకపై మిగిలిపోయి రాగిదారులను తినివేయును. కళాయి సూత్రము మాత్రము ఇచటను మంచిదే. రాగిదారులపై పలుచగా టంకపు పూత పూసినచో చిలుము పట్టక పలక పెక్కు సంవత్సరములు నిలుచును.

ఆరవది పరికర భాగములు. నిరోధకములు, ట్రాన్సిస్టరులు, రిలేలు మున్నగునవి. వీటిలో పెక్కింటిని పాడైన టెలివిజను, రేడియో, యు.పి.ఎస్. పలకలనుండి ఊడదీసికొనవచ్చును. కాని పాత గాజుబుడ్డి టెలివిజనును, పెద్ద కెపాసిటరులను తెలియనివారు తాకరాదు. మీట ఆపిన తరువాత కూడ వాటిలో విద్యుత్తు నిలిచియుండును.

ప్రయాణమును ముందుగా యోచింపవలెను

జొన్నాడ జాతీయ రహదారి 16పై నున్నది. ఒక వైపున కడియపులంక నర్సరీలు దాటి రాజమహేంద్రవరము, మరియొక వైపున వంతెన దాటి రావులపాలెము. టెలివిజను, మిక్సీ, మోటారు మరమ్మతు చేయువారికి సామాను అమ్ము దుకాణములు పట్టణములన్నిటను గలవు. టంకపు తీగ, ఐరన్, నిరోధకములు అచట దొరకును. ముడిపలక, ఫెర్రిక్ క్లోరైడు, సన్నని ములుకులు గూర్చి మాత్రము బయలుదేరుటకు ముందు ఫోనులో విచారించుట మేలు. పెద్ద కొనుగోలు కావలెనన్నచో హైదరాబాదులోని కోఠి, చెన్నైలోని రిచ్చీ వీధి, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు దేశమున పేరుపొందిన ఎలక్ట్రానిక్ అంగళ్లు.

ముడిపలకలు, భాగములు తపాలాలోను కొరియరులోను తెప్పించుకొనవచ్చును. ఫెర్రిక్ క్లోరైడు లోహములను తినివేయు రసాయనము. ప్రమాదకర వస్తువులు తపాలాలో పంపరాదు. కాబట్టి దానిని స్వయముగా వెళ్లి కొనవలెను. బిగుతైన మూత గల ప్లాస్టిక్కు డబ్బాలో, ఆ డబ్బాను మరియొక ప్లాస్టిక్కు సంచిలో ఉంచి తేవలెను. ఇనుము, అల్యూమినియము, రాగి, ఇత్తడి పాత్రలలో పోసినచో పాత్ర చిల్లిపడును. ఉత్తరీయముపై పడిన మరక ఏ చాకలిసోడాకును వదలదు. కుటుంబమునకొకరుగా పోయి పది గ్రాములు తెచ్చుకొనుటకంటె, పాఠశాల లేక గ్రంథాలయము తరఫున ఒకేసారి కొని ఒకచోట తాళము వేసి ఉంచుట ఖర్చుకును భద్రతకును మంచిది.

ఒక ఉదాహరణము: నీటితొట్టి గంట

ఎత్తైన మంచినీటి తొట్టి నిండి పొర్లిపోవుట పెక్కు గ్రామములలో చూచునదే. నీరు వృథా, విద్యుత్తు వృథా. తొట్టి నిండగానే గంట మ్రోగించు పలక ఈ విద్యలో మొదటి పాఠముగా ఎంతయు తగినది.

తొట్టిలో రెండు తుప్పుపట్టని ఉక్కు కడ్డీలు వ్రేలాడదీయవలెను. పొడవైన కడ్డీ ఎల్లప్పుడును నీటిలోనుండును. పొట్టికడ్డీ కొన తొట్టి నిండు మట్టమునకు సరిగా నుండును. నీరు పొట్టికడ్డీని తాకినపుడు నీటిద్వారా అతిస్వల్పమైన విద్యుత్తు ప్రవహించి బి.సి. 547 అను చిన్న ట్రాన్సిస్టరును మేల్కొల్పును. ఆ ట్రాన్సిస్టరు బజ్జరును మ్రోగించును. దీనికి కావలసినవి 9 వోల్టుల బ్యాటరీ, ఒక ట్రాన్సిస్టరు, ఒకటి రెండు నిరోధకములు, ఒక బజ్జరు, అగ్గిపెట్టెయంత పలక. రాగి కడ్డీలు వాడరాదు. విద్యుత్తు వలన రాగి కరగి త్రాగునీటిలో కలియును.

ఇచట ఒక కట్టుబాటు గట్టిగా పాటింపవలెను. ఇంట చేసిన పలకను బ్యాటరీతో నడచు 5 లేక 12 వోల్టుల పనులకే వాడవలెను. ఇంటి కరెంటు 230 వోల్టులు, పొలము మోటారుకు వచ్చు మూడు ఫేజుల కరెంటు 415 వోల్టులు. ఈ కరెంటు తగులు పలకలో దారులమధ్య ఎడము, పూత, పెట్టె అన్నియు నియమము ప్రకారము ఉండనిచో ప్రాణాపాయము. మోటారు స్టార్టరుకు కలుపవలసివచ్చినచో ఆ భాగమును లైసెన్సు గల ఎలక్ట్రీషియనుకే విడువవలెను.

మూడు గ్రాముల రాగి

ఇప్పుడు పంచాయతీకి అన్నిటికంటె ముఖ్యమైన విషయము. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పుగల పలకపై నున్న రాగి మొత్తము తూకము సుమారు 3 గ్రాములు. దానిలో ఎంత భాగము కరగిన అంత రాగి ద్రావకములో చేరును. చూచుటకు ఇది అత్యల్పము. కాని త్రాగునీటికి భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయించిన హద్దును చూడుడు. ఒక లీటరు నీటిలో రాగి 0.05 మిల్లీగ్రాములకు మించరాదు. వేరు నీటివనరు లేనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. లెక్క వేసినచో 3 గ్రాముల రాగి 60,000 లీటర్ల నీటిని మొదటి హద్దుకు తెచ్చుటకు చాలును. అనగా ఒక గ్రామపు మంచినీటి తొట్టియంత నీరు. ఒక బాలుడు ఒక సాయంకాలము చేసిన పని నుండి మిగిలిన మురికి అంతటి నీటికి ముప్పు తేగలదు.

చేపలు, రొయ్యలు రాగికి మనుష్యులకంటె ఎంతో త్వరగా లొంగును. కాలువలపైనను చెరువులపైనను బ్రతుకు గోదావరి డెల్టాలో ఆ ద్రావకమును కాలువలో పారబోయుట పొరుగువాని చెరువులో విషము పోయుట వంటిది. నదీతీరపు ఇసుకనేలలో పెరట పోసినను అది బావికిని చేతిపంపునకును దిగును. సెప్టిక్ ట్యాంకులో పోసినచో అచట మురుగును కుళ్లించు సూక్ష్మజీవులు చచ్చును.

దీనికి విరుగుడు రైతులకు తెలిసినదే. కొబ్బరిచెట్టు మొవ్వుకుళ్లు తెగులునకు మైలుతుత్తమును సున్నముతో కలిపి బోర్డో మిశ్రమము చేయుదురు. సున్నము తగిలినంతనే మైలుతుత్తములోని రాగి కరగియుండక గడ్డకట్టును. ఇచటను అదే సూత్రము. వాడిన ద్రావకమును పెద్ద ప్లాస్టిక్కు తొట్టిలో పోసి, నీరు చేర్చి, చాకలిసోడాను చెంచా చెంచాగా వేయుచు కర్రతో కలుపవలెను. నురుగు పొంగును గనుక తొందర కూడదు. నురుగు ఆగి, లిట్మసు కాగితము నీలివర్ణము చూపువరకు వేసినచో ఇనుము, రాగి రెండును అడుగున మడ్డిగా దిగును. కొన్న ఫెర్రిక్ క్లోరైడుతో సమానమైన తూకములో సోడాను ముందే కొని ప్రక్కనుంచుకొనుట మంచి అలవాటు.

ఆ మడ్డిని, పైనీటిని కూడ కాలువకు విడువరాదు. పశువులు, పిల్లలు చేరనిచోట వెడల్పైన ప్లాస్టిక్కు పళ్లెములో ఎండబెట్టవలెను. వాన తగులరాదు. మిగిలిన పొడిని మూతగల డబ్బాలో ఉంచి, పైన పేరు వ్రాసి దాచి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గల సంస్థకు అప్పగింపవలెను. దానిని ఎరువుగా వాడరాదు. చెత్తకుప్పలో వేయరాదు. అలాగే పాడైన పలకలను, తీగలను రాగికొరకు కాల్చుట ఊరికి విషవాయువును పంచుట. ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిర్వహణకు 2022లో చేయబడిన నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్నవి. అట్టి వ్యర్థములను అనుమతి గల పునర్వినియోగ సంస్థలకే చేర్చవలెను.

ఖర్చు తగ్గించు ఉపాయమొకటి కలదు. దారులమధ్య ఖాళీ స్థలమును కరగింపక రాగిగానే విడిచి, చుట్టును సన్నని గీత మాత్రము తొలగించునట్లు బొమ్మ గీచినచో కరగు రాగి సగమునకంటె తగ్గును. ద్రావకము హెచ్చు పలకలకు వచ్చును. మురికియు తగ్గును. ద్రావకమును 40, 45 డిగ్రీల వేడినీటి పళ్లెములో నుంచి కదలించుచుండిన పని త్వరగా ముగియును. పొయ్యిమీద మాత్రము పెట్టరాదు.

ఇంట చేయుటయా, తెప్పించుటయా?

అన్నిటిని ఇంట చేయవలెనను పట్టుదల వలదు. ఒకటి రెండు భాగములు గల సామాన్య వలయమునకు, ముందే రంధ్రములున్న జీరో బోర్డు అను పలక చాలును. దానికి రసాయనమే అక్కరలేదు. పిల్లలు మొదట దీనిపైననే నేర్చుకొనవలెను. ఒకటి నుండి నాలుగైదు పలకల వరకు, త్వరగా కావలసినపుడు ఇంట చేయుట లాభకరము. పది మించినచో, లేక రెండు ప్రక్కల దారులు గల పలక కావలెనన్నచో, బొమ్మను కంప్యూటరులో గీచి దేశమునందలి పలకల కర్మాగారమునకు పంపి తయారుచేయించుకొనుట చవుక. అచట మురికిని శుభ్రపరచు ఏర్పాటు చట్టప్రకారము ఉండవలెను గనుక ఊరి నీటికి అపాయముండదు.

మన దేశమున వాడు ముడిపలకలలో హెచ్చుభాగము విదేశములనుండి వచ్చుచున్నది. ఇట్టి భాగములను ఇచటనే చేయించుటకై కేంద్ర ప్రభుత్వము 2025 మార్చి 28న 22,919 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. పెద్ద కర్మాగారములు వచ్చినపుడు వాటికి చేతిపని తెలిసిన యువకులు కావలెను. ఆ యువకులు పాఠశాల బల్లమీదనే తయారుకావలెను.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 విషయములు చెప్పబడినవి. త్రాగునీరు, చిన్నపరిశ్రమలు, విద్య, సాంకేతిక శిక్షణ ఇందున్నవి. వలయపు పలకల పని ఈ నాలుగింటిని తాకుచున్నది. అందుచేత ప్రోత్సాహమును జాగ్రత్తను రెండింటిని కలిపి నడపుట పంచాయతీకే సాధ్యము.

ఆరవ తరగతి నుండి పండ్రెండవ తరగతి వరకు చదువు పిల్లల కొరకు నీతి ఆయోగ్ ఆధ్వర్యమున 2016లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు దేశమున పదివేలకు పైగా పాఠశాలలలో నెలకొన్నవి. ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయము లభించునట్లు ఆ పథకము రూపొందెను. సమీపమున అట్టి ప్రయోగశాల ఉన్నదో లేదో సభ్యులు మండల విద్యాధికారిని విచారింపవచ్చును. ఉన్నచో మన ఊరి పిల్లలను నెలకొకసారి అచటికి పంపు ఏర్పాటు చేయవచ్చును. క్రొత్తగా అన్నియు కొనవలసిన పని యుండదు.

పాఠశాలలో పని సాగించినచో ఈ కట్టుబాట్లు గోడపై వ్రాసి పెట్టించవలెను. పెద్దల సమక్షమున తప్ప రసాయనపు డబ్బా తెరువరాదు. కంటి అద్దములు, రబ్బరు చేతితొడుగులు లేనిదే పని చేయరాదు. కంట పడినచో పదునైదు నిమిషములు ధారగా మంచినీటితో కడిగి వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. కొన్న తూకము, వాడిన తూకము, మిగిలిన మడ్డి ఒక పుస్తకమున వ్రాయవలెను. కాలువకు, బావికి, చేతిపంపునకు దగ్గరగా ఈ పని చేయరాదు.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత ఈ డెల్టా బ్రతుకంతయు కాలువ నీటిపై నిలిచినది. ఆ నీటిని కాపాడుకొనుచునే క్రొత్త విద్యను ఊరికి తెచ్చుకొనవలెను. సోడా పొట్లము కొనకుండ ఫెర్రిక్ క్లోరైడు డబ్బా కొనరాదను ఒక్క నియమమును గ్రామమంతయు పాటించినచో ఈ రెండును సాధ్యమగును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీలో గత సంవత్సరము ఎన్ని వీధిదీపములు, స్టార్టర్లు పలక చెడి పారవేయబడెను? వాటిని బాగుచేయించినచో ఎంత మిగిలెడిది?

2. మన మంచినీటి తొట్టి ఎన్ని లీటర్లది? అది నిండినట్లు పంపు ఆపరేటరుకు ఎట్లు తెలియుచున్నది?

3. ఊరిలో టంకపు పని, కంసాలి పని, విద్యుత్ పని తెలిసినవారు ఎందరు? వారిలో పిల్లలకు నేర్పగలవారెవరు?

4. రసాయనములు తాళము వేసి ఉంచుటకు, మడ్డిని వాన తగులకుండ ఎండబెట్టుటకు పాఠశాలలో తగిన చోటు కలదా?

5. పాడైన ఫోనులు, పలకలు, తీగలు ప్రస్తుతము ఎచటికి పోవుచున్నవి? వాటిని అనుమతి గల సంస్థకు చేర్చు బాధ్యత ఎవరికి అప్పగింతము?